ఇసుక ఊళ్ళో లేదు

ఆగస్టు 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ కవరు మీది జిగురు మరకలు చూడగానే నువ్వు కులాసాగా ఉన్నావని తెలిసింది. చేతినిండా చెక్కపనుంటేనే నీకు జిగురు అంటుతుంది. ఇక్కడ మేమూ బాగున్నాం. నా ఎడమ మోకాలు ఒక్కటే వేరు కాపురం పెడతానంటోంది.

ఫోన్ చెయ్యకుండా రాస్తున్నానంటే కారణముంది. ఈ రెండు గదుల ఇంట్లో ఫోనులో ఏం మాట్లాడినా మీ బావ చెవిన పడుతుంది. ఉత్తరమైతే కుట్టు మిషను సొరుగులో దారపు ఉండల కింద దాచుకోవచ్చు. నువ్వూ ఉత్తరమే రాయి, కవరు మీద నా పేరే రాయి.

పోయిన ఉత్తరంలో, నువ్వు బాగుచేస్తున్న పాత సుంకాల కచేరీ కిటికీల గురించి నాలుగు పేజీలు రాశావు. మూడువందల ఏళ్ళ నాటి టేకనీ, ఉప్పుగాలికి పైన పిండి పిండి అయినా లోపల ఇనుములా ఉందనీ. అదంతా మీ బావకు చదివి వినిపించాను. ఊరి పేరు రాగానే ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన ఏమీ అనకపోవడంలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలుసు. ఇది ఎప్పుడూ చూడని రకం.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన తన కథ తానే రాసుకుంటున్నారని నీకు చెప్పాను కదా. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దాను, ఇక నావి రాసుకుంటానని మొదలుపెట్టారు. చిన్నతనం, బడి, వాళ్ళ నాన్న చనిపోవడం, అన్నీ చకచకా సాగాయి. ఇరవై రెండో ఏడు దగ్గరకొచ్చి బండి ఆగింది. రెండు నెలలు రాయడం, చింపడం. మొన్న ఆ చింపిన కాగితం నా గుడ్డముక్కల బుట్టలో దొరికింది. ముక్కలు పేర్చుకుని చదివాను. తప్పే, ఒప్పుకుంటాను.

ఎండ పడక సర్వే ఉద్యోగం మానేశానని మన నాన్నకు చెప్పారు గుర్తుందా? అది నిజం కాదు. ఆయన్ని తీసేశారు. అప్పట్లో సర్వే జట్టులో కొలత గొలుసు పట్టే పని ఆయనది. ఇప్పుడు నువ్వున్న ఊరి తీరమే కొలుస్తున్నారట. ఏప్రిల్‌ చివర్లో ఒకరోజు ఒంటరిగా కొండరాళ్ళ వెనక్కి వెళితే, మనిషి జాడలేని తెల్లటి ఇసుక ఒడ్డు కనిపించిందట. కొలతల పుస్తకంలో అది రాశారు. జూన్ చివర్లో సర్వే అధికారి స్వయంగా చూస్తానంటే ఈయనే తీసుకెళ్ళారు. అక్కడ ఇసుక రేణువు కూడా లేదు. అన్నీ నల్ల బండరాళ్ళు. వెళ్ళకుండానే ఊహించి దొంగ కొలతలు రాశావని అక్కడికక్కడే ఇంటికి పొమ్మన్నాడట.

ఆ కాగితంలో చివరి మాటలు ఇవి: "ఉండగా చూసింది నేనే. లేకపోగా చూసిందీ నేనే. ఈ రెండిట్లో ఏది" — అక్కడ చిరిగింది.

నువ్వు అక్కడే ఉన్నావు. ఆ ఒడ్డు ఉందో లేదో వెళ్ళి చూసిరా. ఆయనకు తెలియనివ్వకు. ఆయనేమో గానీ, నాకు తెలుసుకోవాలనుంది. ఉంటే బాగుండునని కూడా ఉంది.

బీపీ మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటే సరిపోతుందని నీకు చెప్పిన వైద్యుడు ఎవరో వాడి చిరునామా పంపు.

నీ అక్క


ఆగస్టు 21

అక్కా,

ఆ వైద్యుణ్ణి నేనే. రేపటినుంచి రోజూ వేసుకుంటాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావ వెనక ఇంత కథ ఉందని అనుకోలేదు. అచ్చు కాగితం మీద ఒక్క చుక్క తేడా ఉన్నా పట్టుకుని, మళ్ళీ మొదటినుంచి చదివే మనిషి కదా. అది చాదస్తమనుకున్నాను ఇన్నాళ్ళూ. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదన్నమాట.

నేనుండేది తాళ్ళ గోదాము మీది గది. కింద తాళ్ళకు పూసిన తారు వాసన, పైన పావురాలు, మధ్యలో నేను. సుంకాల కచేరీలో పద్దెనిమిది కిటికీలకు ఏడు పూర్తయ్యాయి. ఏ కిటికీ ఇంకోదాని గూటికి సరిపోదు, పాతకాలం వడ్రంగి ఒక్కోటి ఒక్కో కొలతకు చేశాడు. పుణ్యాత్ముడు, నాకు రెండేళ్ళు తిండి పెట్టాడు. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు పొద్దున దిగుతారు, కచేరీ ముందు పాత ఫిరంగి మీద చెయ్యేసి ఫొటో దిగుతారు, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతారు.

ఇక నువ్వడిగింది. టీ కొట్టతన్ని అడిగాను, కచేరీ కాపలాదారుని అడిగాను, బడి పంతులుగారిని అడిగాను. ముగ్గురిదీ ఒకటే మాట. ఇక్కడ బీచి ఒకటే, రేవు పక్కది, బెలూన్లు అమ్ముతారు, కావాలంటే గుర్రం ఎక్కొచ్చు. రెండోది లేదు. గుర్తులు ఏమీ చెప్పకుండా 'కొండరాళ్ళ వెనక' అంటే ఎలా? ఇక్కడ కొండరాళ్ళు మన వీధిలో పిల్లులకన్నా ఎక్కువ.

కాస్త వివరంగా కనుక్కుని రాయి. అడిగినట్టు తెలియకుండా అడగడం నీకు కొత్త కాదుగా.

తమ్ముడు


సెప్టెంబరు 2

తమ్ముడూ,

కొత్త కాదు, కష్టం. బడులు తెరిచి మూడు నెలలైనా యూనిఫారాలు కుట్టించనివాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సూదిలో దారం ఎక్కించమన్నాను. సూది బెజ్జం చూస్తున్నప్పుడు మనిషి అడిగినదానికి ఆలోచించకుండా జవాబు చెబుతాడు. నాలుగు రోజులు పట్టింది, తొమ్మిది సూదులకు దారం ఎక్కింది.

కూలిపోయిన కాపలా బురుజు ఒకటి ఉంటుందట. దానికి అవతల కొండ నిలువునా చీలి ఒక సందు. మనిషి పక్కకు తిరిగి అడ్డంగా నడిస్తేనే దూరగలడట. అవతలికి వెళితే చంద్రవంకలా వంగిన ఒడ్డు. కాలేస్తే ఇసుక కిర్రుమంటుందట, కొత్త చెప్పుల్లా. ఒక రాతిలోంచి మంచినీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటాయి, సీసా పట్టుకుని తాగారట.

ఇది చెబుతూ ఆయన ఒక్కసారి నవ్వారు. ఇసుక కిర్రుమంటుందన్నప్పుడు. తరవాత, 'అదంతా ఎండ దెబ్బ' అని లేచి వెళ్ళిపోయారు.

నువ్వు లావయ్యావు. ఆ సందులో ఇరుక్కుంటే గట్టిగా కేకలు పెట్టకు, పరువు పోతుంది.

అక్క


సెప్టెంబరు 19

అక్కా,

చూశాను. ఉంది. బావ చెప్పినట్టే ఉంది.

పాలు ఒలకబోసినట్టు తెల్లటి ఇసుక. కొబ్బరిచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. కాలేస్తే ఇసుక పాట పాడినట్టే ఉంది. ఎడమవైపు రాతిలోంచి మంచినీళ్ళు కారుతున్నాయి, దోసిలి పట్టి తాగాను, కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఇంత అందమైన చోటు నేను జన్మలో చూడలేదు.

ఇక దాపరికం ఎందుకు, బావకు చెప్పెయ్యి. ఆ అధికారికి కళ్ళు లేవు, అంతే.

కచేరీ పెద్ద తలుపు రేపు దించుతున్నాం. పని తొందరలో ఉన్నాను.

తమ్ముడు


అక్టోబరు 1

తమ్ముడూ,

నీ ఉత్తరం రాగానే మిషను ఆపేసి, లేచి వెళ్ళి, జరిగిందంతా ఆయనకు చెప్పేశాను. చింపిన కాగితం చదివాననీ, నిన్ను పంపాననీ. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. నీ ఉత్తరం పైకి చదివాను. విన్నారు. తరవాత చెయ్యి చాచి తీసుకుని తానే చదువుకున్నారు. రెండుసార్లు.

"కొబ్బరిచెట్లు ఎక్కడివి అక్కడ? గడ్డిపోచ కూడా మొలవదు" అన్నారు. "నీళ్ళు కారేది ఎడమవైపు కాదు, కుడివైపు."

నేను నీ తరఫున ఏదో సర్దబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మీవాడు మంచివాడు. నన్ను బాధపెట్టలేక అబద్ధం చెప్పాడు. అంత మంచివాడికి అబద్ధం చెప్పాల్సి వచ్చిందంటే అక్కడ నిజంగా ఏమీ లేదన్నమాట."

ఉత్తరం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. అప్పటినుంచి పుస్తకం ముట్టలేదు. రాయకుండా మిగిలిన కాగితాలు కాలరు నమూనాలకు వాడుకోమని నాకిచ్చేశారు. అందులోంచి ఒక్కటి కూడా కత్తిరించలేదు నేను.

నలభై ఏళ్ళుగా ఆయనలో 'ఏమో, నిజమేనేమో' అనేది కొంచెం మిగిలి ఉండేది. అధికారి చెయ్యలేని పని నువ్వు చేశావు. ఒరేయ్, నువ్వు వడ్రంగివి, అతుకులు వెయ్యడం నీ వృత్తి. అబద్ధమాడితే అతికినట్టుండాలని ఆ మాత్రం తెలియదా? అసలు నిన్ను అబద్ధమాడమని ఎవరడిగారు? నేనడిగింది ఉందా లేదా అని. లేదు అంటే లేదని రాయాల్సింది.

అసలు వెళ్ళావా, లేక గదిలో పావురాల మధ్య కూర్చుని రాశావా?

అక్క


అక్టోబరు 12

అక్కా,

వెళ్ళాను. నీ మీద ఒట్టు అంటే నమ్మవు, నా ఉలి మీద ఒట్టు.

ఉన్నదున్నట్టు రాస్తాను. సెప్టెంబరు పదిహేను ఆదివారం, తెల్లవారగానే బయలుదేరాను. కూలిన బురుజు దొరికింది. సందు కూడా దొరికింది. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, అడ్డంగా దూరాను. సుమారు నలభై అడుగులుంటుంది. అందులో నడుస్తుంటే సముద్రం ఒక్క చెవికే వినిపిస్తుంది. రెండో చెవి రాయికి ఆనుకుని ఉంటుంది కాబట్టి దానికి నా ఊపిరే వినిపించింది. అవతల తేలి చూస్తే, సర్వే అధికారి చూసిందే చూశాను. నల్ల బండలు, ఏనుగుల మందలా. వాటి మీద విరిగిపడే కెరటాలు. ఇసుక అన్నది చిటికెడు లేదు.

ఒక బండ మీద గంటసేపు కూర్చున్నాను. నీ ఉత్తరంలో 'ఉంటే బాగుండును' అన్న మాట జేబులో ఉంది. బావ నవ్వారని కూడా రాశావు. వెనక్కొచ్చి, నువ్వు రాసిన గుర్తులకే నాలుగు కొబ్బరిచెట్లు తగిలించి పంపాను. పాత కిటికీకి కొత్త చెక్క అతికించినంత తేలికనుకున్నాను.

ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. నీళ్ళు ఉన్నాయి. నేను చూసింది తిరిగొస్తూ, సందు వైపు మొహం పెట్టినప్పుడు. అప్పుడది ఎడమవైపు. సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడివైపే. బావ చెప్పిందీ సరే, నేను రాసిందీ సరే.

తప్పు నాది. బావకు నువ్వే ఏదో ఒకటి చెప్పు. ఆయనకు నేరుగా రాసే మొహం నాకు లేదు.

తమ్ముడు


అక్టోబరు 24

తమ్ముడూ,

ఆయన కుడివైపన్నారని నేను రాశాక, నీ ఎడమ ఒక్కసారిగా కుడి అయిపోయింది. ఇటు తిరిగితే ఎడమ, అటు తిరిగితే కుడి అని నువ్వు వేసిన లెక్క చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. సొరుగులో పెట్టాను. ఇక ఈ సంగతి ఎత్తకు. అడిగినందుకు బుద్ధొచ్చింది నాకు.

మాత్రలు వేసుకుంటున్నావనే నమ్ముతున్నాను. అదైనా నిజమై ఉండాలి.

అక్క


డిసెంబరు 15

అక్కా,

ఎత్తకన్నావు. ఎత్తుతున్నాను. ఇది చదివాక తిట్టు.

ఇక్కడ వలలు అల్లే పెద్దమ్మ ఒకామె ఉంది. డెబ్బై దాటింది. వల అల్లే చెక్క సూది మొన విరిగిందని నా దగ్గరకొచ్చింది. కచేరీ కిటికీలో పనికిరాని ముక్క ఒకటి తీసి కొత్తది చెక్కిచ్చాను. సరిపోయిందో లేదో చూడ్డానికి నా బల్ల పక్కనే కూర్చుని అల్లడం మొదలెట్టింది. మాటల్లో, ఇక్కడి మనుషులందరినీ అడిగి ఓడిపోయానని చెప్పాను. బురుజు అవతల సందు, దాని వెనక ఒడ్డు అని.

ఆమె చేతులు ఆపకుండానే అడిగింది, ఎప్పుడెళ్ళావని. సెప్టెంబరులో అన్నాను.

"అప్పుడు ఇసుక ఊళ్ళో లేదు బాబూ" అంది.

నేను చిత్రిక కింద పెట్టేశాను.

మే చివర్నో జూన్‌లోనో సముద్రానికి వానాకాలపు పోటు మొదలవుతుందట. ఆ కెరటాలు ఒడ్డు మీది ఇసుకనంతా లోపలికి ఈడ్చుకుపోతాయి. నాలుగైదు నెలలు రాళ్ళు బయటపడి ఉంటాయి. చలికాలం వచ్చి సముద్రం నెమ్మదించాక, చిన్న చిన్న కెరటాలు ఆ ఇసుకనే కొంచెం కొంచెంగా తెచ్చి మళ్ళీ పరుస్తాయి. ఆమె పుట్టకముందు నుంచీ అంతేనట. వెళ్ళిన ఇసుకే తిరిగొస్తుందా అని అడిగాను. అడిగి చూడు, చెబుతుందేమో అంది.

మరి ఊళ్ళో ముగ్గురిని అడిగితే ముగ్గురూ లేదన్నారేమిటి అన్నాను. నువ్వు బీచి అనడిగావు, బీచంటే బెలూన్లు అమ్మే చోటు అంది. నూలు వలలున్న రోజుల్లో ఆడవాళ్ళు అక్కడికి తీసుకెళ్ళి ఆరేసేవాళ్ళట. నైలాను వచ్చాక ఆరెయ్యాల్సిన పనే లేదు. పాతికేళ్ళుగా అటు పోయినవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, పిల్లలకు తెలియదు.

అప్పట్లో సర్వేవాళ్ళు వచ్చారు, గుర్తుందా అని కూడా అడిగాను. గుర్తే అంది. రాళ్ళకు సున్నం పూశారు, గొలుసులు లాగారు, వెళ్ళారు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

మర్నాడు పని ఎగ్గొట్టి వెళ్ళాను. అక్కా, ఇసుక ఉంది. బండల్లో పెద్దవాటి నెత్తులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. నేను నడిచాను. కిర్రుమంది. మడమ గట్టిగా ఈడిస్తే కుక్కపిల్లలా కుయ్యిమంది. యాభై రెండేళ్ళవాణ్ణి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గెంతాను. కొబ్బరిచెట్లు లేవు. అవి నా ఉత్తరంలోనే ఉన్నాయి.

నమ్మవని తెలుసు. గుడ్డసంచిలో ఆ ఇసుక పంపుతున్నాను. పళ్ళెంలో పోసి నొక్కి చూడు.

తమ్ముడు


జనవరి 4

తమ్ముడూ,

నీ ఇసుక మూగది. పళ్ళెంలో పోసి చేత్తో నొక్కాను, గరిటెతో నొక్కాను, చివరికి పళ్ళెం నేల మీద పెట్టి నేనే ఎక్కి నిలబడ్డాను. కిక్కురుమనలేదు. సరిగ్గా అప్పుడే మీ బావ గుమ్మంలోకొచ్చారు. ఈ వయసులో పెళ్ళాం పళ్ళెంలో నిలబడి ఉంటే ఎవరైనా అడుగుతారు కదా. అడిగారు. ఇసుక అన్నాను.

ఇక దాచడం నా వల్ల కాలేదు. సొరుగు తీసి నీ ఉత్తరాలన్నీ ఆయన ముందు పోశాను. ఎర్ర పెన్సిల్ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ పెన్సిల్ పట్టుకుంటే ఎవరి మాటా వినేవారు కాదు. తప్పులు ఏరుతున్నారు, ఇంకేముంది, మా తమ్ముడి పని అయిపోయిందనుకున్నాను. వలల పెద్దమ్మ సంగతున్న ఉత్తరం చదివారు, గీత పడలేదు. పళ్ళెంలో ఇసుక వేలితో తాకి, ఇది మాట్లాడాలంటే అక్కడే ఉండాలేమో అన్నారు. తరవాత నువ్వు తప్పు ఒప్పుకున్న ఉత్తరం తీశారు. ఒక్క చోట గీత గీశారు.

నీ అక్షరదోషమే అనుకుని వంగి చూశాను. సముద్రం ఒక్క చెవికే వినిపిస్తుందన్న వాక్యం కింద గీత.

"ఇది నేను నీకు చెప్పానా?" అన్నారు. లేదన్నాను. "ఎవరికీ చెప్పలేదు. ఆ సందులో నడిచినవాడికి తప్ప తెలియదు. మీవాడు నిజంగానే వెళ్ళాడు. వెళ్ళి రాళ్ళే చూశాడు."

అంటే, రాళ్ళే ఉన్నాయని నువ్వు రాసిన ఉత్తరం చదివే ఆయనకు నీ మీద నమ్మకం కుదిరింది. నేను ఆ ఉత్తరాన్నే రెండు నెలలు దారపు ఉండల కింద తొక్కిపెట్టాను. కుడి ఎడమల దగ్గర నిన్ను ఆడిపోసుకున్నాను కూడా. నా తప్పుకు క్షమాపణ అడగను, అక్కని కదా. కానీ తప్పేనని రాస్తున్నాను.

ఇసుక ఎప్పటిదాకా ఉంటుందో కనుక్కో. ఫిబ్రవరిలో వస్తున్నాం. నేను సముద్రం దగ్గరనుంచి చూడటం ఇదే మొదలు, ఏం కట్టుకోవాలో కూడా తెలియదు.

అక్క


జనవరి 16

అక్కా,

ఏప్రిల్ దాకా భయం లేదంది పెద్దమ్మ. ఫిబ్రవరి పదహారున రండి, ఆ రోజు పొద్దున నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళి ఉంటాయి, బురుజు కింద రాళ్ళ మీద నడవొచ్చు. తడిసినా పరవాలేదనిపించేది కట్టుకో. బావకు రబ్బరు అడుగున్న చెప్పులు కొను. నా గదిలో మీరు పడుకోండి, నేను కచేరీలో పెద్ద తలుపు పక్కన పడుకుంటాను, దానికీ నాకూ బాగా చనువు.

బావ నన్ను చూసి ఏమంటారో అనే ఒక్క భయం ఉంది.

తమ్ముడు


ఫిబ్రవరి 27

తమ్ముడూ,

ఇల్లు చేరాం. నా చీర అంచులో ఉప్పు ఇంకా వదల్లేదు. ఆయన నిన్నేమంటారో అని భయపడ్డావు. బస్సు దిగగానే నీ పొట్ట వైపు చూసి, ఆ సందులోంచి ఎలా పట్టావయ్యా అన్నారు, అంతే కదా. ఆయన భాషలో అది కౌగిలించుకోవడం.

బురుజు దగ్గర నువ్వు ఆగిపోయి, మీరిద్దరూ వెళ్ళండి అన్నావు. మంచి పని చేశావు. తిరుగు బస్సు దగ్గర, లోపల ఏం జరిగిందని అడిగావు. ఆయన పక్కనే ఉన్నారని చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

సందులో ఆయన ముందు, నేను వెనక. మధ్యలో ఆగారు. ఇరుక్కున్నారేమో అనుకున్నాను. ఏమీ లేదు, వింటున్నారు. చివరికి వెలుతురు వచ్చింది, ఆయన భుజం మీంచి చూశాను. తెల్లగా, వంపు తిరిగి, ఒక్క అడుగు కూడా పడని ఇసుక. ఇంత పెద్ద చోటు ఎవరికీ చెందకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మన వీధిలో అరుగు మీద జానెడు స్థలానికి కూడా ఎవరో ఒకరు చెప్పులు పెట్టి ఉంచుతారు.

ఆయన ఇసుకలో కాలు పెట్టలేదు. రాతి మీదే నిలబడ్డారు.

"నువ్వు ముందు నడువు. నా చెవుల మీద నాకు నమ్మకం లేదు. వినిపిస్తే చెప్పు, లేకపోతే లేదని చెప్పు. నా కోసం చెప్పకు" అన్నారు.

చెప్పులు విడిచి దిగాను. నాలుగడుగులు వేశాను. తడి ఇసుక, ఏమీ లేదు. తమ్ముడూ, ఆ క్షణంలో నువ్వు నాకు బాగా అర్థమయ్యావు. వినిపించిందని అనేద్దామా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇంకొంచెం పైకి, పొడి ఇసుకలోకి నడిచాను. అప్పుడు కిర్రుమంది. నేను ఆగితే ఆగింది, కదిలితే మళ్ళీ అంది.

వెనక్కి తిరిగి చూస్తే, నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆయన రాయి దిగారు.

ఈ చివరనుంచి ఆ చివరికి లెక్కపెట్టుకుంటూ నడిచారు. గొలుసు పట్టినప్పటి నడక కాబోలు, ప్రతి అడుగూ ఒకే పొడవు. రెండువందల పన్నెండు. నీళ్ళు కారే రాయి దగ్గర ఆగి తాగారు, నాకూ పట్టించారు. తరవాత నీళ్ళకు దగ్గరగా కూర్చున్నాం. కన్నీళ్ళు పెట్టుకుంటారేమో అని చూశాను. లేదు. ఆయన అన్నది ఇదీ:

"ఆయన కూడా అబద్ధం చెప్పలేదు."

సర్వే అధికారి గురించి. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు మిమ్మల్ని తినేసిన మనిషి, ఊళ్ళో ఒక్కరిని అడిగి ఉంటే పోయేది కదా అన్నాను. "నేను అడిగానా?" అన్నారు. "నేనూ అడగలేదు. ఇద్దరం ఎవరి కళ్ళు వాళ్ళం పట్టుకుని కూర్చున్నాం. ఆ పెద్దమ్మ అప్పుడూ ఇక్కడే వలలు ఆరేసుకుంటూ ఉండి ఉంటుంది." లేచి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డాను. నా మోకాలు నొప్పి గుర్తే రాలేదు. కాళ్ళ కింద ఇసుక జారుతుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుంది, ఎవరో నన్ను అక్కడినుంచి మర్యాదగా కదలమంటున్నట్టు.

ఇంటికొచ్చిన రోజే ఆయన కాగితాలు వెనక్కి అడిగారు. కాలర్లకు కత్తిరించలేదు కాబట్టి సరిపోయింది. ఇరవై రెండో ఏడు రాసేశారు, ఈసారి చింపలేదు. నన్ను చదవమన్నారు. అధికారిని ఒక్క మాట అనలేదు అందులో. ఏప్రిల్‌లో ఇసుక, జూన్‌లో రాయి, రెండూ నేను చూశాను అని రాశారు. ఎర్ర పెన్సిల్ గీత ఒక్కటి కూడా లేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే నీ అమాయకత్వం. నిన్న భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "ఉండగా చూశాను, లేకపోగా చూశాను. వెళుతుండగా చూడలేదు" అన్నారు. అది ఒక్కరోజులో పోతుందా, వారం పడుతుందా? ముందు ఏ వైపునుంచి పోతుంది? వెళ్ళేటప్పుడు కూడా కిర్రుమంటుందా? ఇవన్నీ పెద్దమ్మను అడగమన్నారు. ఆమెకు తెలియదంటే, అప్పుడు తానే చూస్తారట. మే మధ్యనుంచి అక్కడే ఓ గది తీసుకుని రోజూ వెళతారట. జూన్‌లో యూనిఫారాలు ఎవరు కుడతారండీ అని అడిగితే, మిషను తెచ్చుకో అన్నారు, ఆ ఊళ్ళో పిల్లలు బట్టలు కట్టుకోరా అని.

కాబట్టి గది చూసిపెట్టు. మెట్లు తక్కువగా ఉండాలి, మిషను పట్టే జాగా ఉండాలి. రోజూ ఒడ్డుకు ఆయన ఒక్కరే వెళ్ళి చూసొస్తానన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. ఎంత కాపలా కాసినా మనిషన్నాక ఎప్పుడో ఓసారి రెప్ప వేస్తాడు కదా. అప్పుడు నేను చూస్తూ ఉంటాను.

అక్క